డీఎస్1307 గడియారపు చిప్ - లోపాలు, వాటి పరిశీలన

డీఎస్1307 అనేది మైక్రోకంట్రోలరు వలయాలలో తేదీని, వేళను లెక్కించి నిలుపుకునే ఒక చిన్న చిప్. ఎనిమిది కాళ్ళు గల ఈ చిప్‌ను అమెరికాకు చెందిన డాలస్ సెమీకండక్టర్ సంస్థ రూపొందించింది. ఆ సంస్థ 2001లో మాక్సిమ్ సంస్థలోను, మాక్సిమ్ 2021లో అనలాగ్ డివైసెస్ సంస్థలోను కలిసిపోయాయి. ఇటువంటి చిప్‌లను రియల్ టైమ్ క్లాక్ అని, పొట్టిగా ఆర్‌టీసీ అని అంటారు. ఆర్‌టీసీ అనగానే తెలుగువారికి బస్సు గుర్తుకు వస్తుంది కనుక ఈ వ్యాసంలో గడియారపు చిప్ అనే మాటనే వాడుతున్నాం.

పాఠశాల గంటను వేళకు మ్రోగించే పరికరం, రాత్రి పూట మోటారును నడిపే టైమరు, ఉష్ణోగ్రతను గంటగంటకూ నమోదు చేసే పరికరం వంటి విద్యార్థుల ప్రాజెక్టులలో ఈ చిప్ తరచుగా కనిపిస్తుంది. వేళ తప్పుగా చూపినప్పుడు చాలామంది చేసే మొదటి పని చిప్‌ను పీకి కొత్తది పెట్టడం. కొత్తది కూడా అదే తప్పు చూపుతుంది. ఎందుకంటే చాలా సందర్భాలలో దోషం చిప్‌ది కాదు; దాని ప్రక్కన ఉన్న క్రిస్టల్‌ది, బటన్ సెల్‌ది, తీగలది లేదా ప్రోగ్రాముది. గడియారం ఏ తీరున తప్పుతున్నదో శ్రద్ధగా గమనిస్తే దోషం ఎక్కడ ఉన్నదో చాలావరకు ఊహించవచ్చును.

పని చేసే విధానం

చిప్ యొక్క 1, 2 కాళ్ళకు సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ క్రిస్టల్‌ను కలుపుతారు. క్వార్ట్జ్ అంటే మన పలుగురాయి. 32,768 అనేది 2 యొక్క 15వ ఘాతం. కనుక ఆ కంపనాలను 15 సార్లు సగం చేసుకుంటూ పోతే సరిగ్గా సెకనుకు ఒకటి మిగులుతుంది. 3వ కాలు బటన్ సెల్‌కు, 4వది భూమికి, 5, 6 కాళ్ళు మైక్రోకంట్రోలరుతో మాట్లాడే రెండు తీగలకు, 7వది చతురస్ర తరంగాన్ని వెలువరించడానికి, 8వది 5 వోల్టుల సరఫరాకు ఉద్దేశించినవి.

చిప్ లోపల 64 బైట్ల చోటు ఉంది. మొదటి ఏడు రిజిస్టర్లలో సెకన్లు, నిమిషాలు, గంటలు, వారం, తేదీ, నెల, సంవత్సరం ఉంటాయి. ఎనిమిదవది నియంత్రణ రిజిస్టరు. మిగిలిన 56 బైట్లను మన అవసరాలకు వాడుకోవచ్చును. మైక్రోకంట్రోలరు ఈ రిజిస్టర్లను ఐ2సీ అనే పద్ధతిలో చదువుతుంది. ఈ పద్ధతిని ఫిలిప్స్ సంస్థ 1982లో ప్రవేశపెట్టింది.

చిప్ అసలు పలకకపోవడం

తెరమీద 165:165:85 అనే వేళ, 2165వ సంవత్సరం కనిపించడం అభిరుచి కొద్దీ వలయాలు కట్టేవారికి చిరపరిచితమైన దృశ్యం. ఈ అంకెలు అర్థం లేనివి కావు. చిప్ జవాబు ఇవ్వనప్పుడు రెండు తీగలూ పై స్థాయిలోనే ఉండిపోతాయి. అప్పుడు ప్రోగ్రాము ప్రతి బైటునూ అన్నీ ఒకట్లుగా, అంటే 255గా చదువుతుంది. దానిని పదుల స్థానం 15, ఒకట్ల స్థానం 15 అని విడదీస్తే 150 + 15 = 165 వస్తుంది. సెకన్లలో పై బిట్‌ను తీసివేస్తారు కనుక అక్కడ 70 + 15 = 85 వస్తుంది. కనుక 165 కనిపిస్తే గడియారం తప్పు నడుస్తున్నదని కాదు, చిప్ మాట మనకు చేరడం లేదని అర్థం.

ముందుగా మల్టీమీటరుతో 8వ, 4వ కాళ్ళ మధ్య వోల్టేజిని కొలవవలెను. అది 4.5 నుండి 5.5 వోల్టుల లోపల ఉండాలి. తరువాత ప్రోగ్రాము ఏమీ చదవని సమయంలో 5, 6 కాళ్ళను కొలవాలి. రెండింటి వద్దా దాదాపు 5 వోల్టులు కనిపించాలి. ఐ2సీ తీగలను ఏ చిప్ అయినా క్రిందికి లాగగలదే కాని పైకి నెట్టలేదు. పైకి లాగే పని నిరోధకాలది. సాధారణంగా ఒక్కొక్క తీగకు 4.7 కిలో ఓముల నిరోధకాన్ని పెడతారు. 8051 రకపు మైక్రోకంట్రోలర్ల 0వ పోర్టులో అంతర్గతంగా ఇటువంటి ఏర్పాటు లేదు. ఇతర పోర్టులలో పనిచేసిన వలయం 0వ పోర్టుకు మార్చగానే మూగబోవడానికి కారణం ఇదే.

నిరోధకాలు ఉన్నా 5వ కాలు 0 వద్దనే నిలిచిపోతే, చదువుతున్న మధ్యలో మైక్రోకంట్రోలరు రీసెట్ అయి ఉండవచ్చు. చిప్ తన వాక్యాన్ని పూర్తి చేయడానికి ఇంకా ఎదురుచూస్తూ తీగను పట్టుకొని ఉంటుంది. 6వ కాలిపై తొమ్మిది స్పందనలు పంపితే అది తీగను వదులుతుంది.

చిరునామా విషయంలో కూడా పొరపాటు జరుగుతుంది. ఈ చిప్ చిరునామా ఏడు బిట్లలో 104. దానికి చదవడమో వ్రాయడమో తెలిపే బిట్‌ను చేర్చితే 209, 208 అవుతాయి. కొన్ని ప్రోగ్రాము గ్రంథాలయాలు 104ను, కొన్ని 208ని అడుగుతాయి. రెండూ ఒకటే చిరునామా అని గ్రహించాలి.

బటన్ సెల్ చేసే చిక్కు

విద్యార్థులను ఎక్కువగా తికమక పెట్టేది ఈ భాగమే. బటన్ సెల్ పెట్టక ముందు చక్కగా పలికిన చిప్, పెట్టగానే మౌనం వహిస్తుంది. సెల్ వలన చిప్ కాలిపోయిందని అనుకుంటారు. నిజానికి చిప్ తన నియమాన్ని పాటిస్తున్నది, అంతే.

ఆ నియమం ఇది: ప్రధాన సరఫరా, సెల్ వోల్టేజికి 1.25 రెట్ల కంటే తగ్గితే చిప్ మాట్లాడడం మానివేస్తుంది. కరెంటు పోతున్న క్షణంలో మైక్రోకంట్రోలరు పంపే పిచ్చి సంకేతాల వలన వేళ చెడిపోకుండా పెట్టిన రక్షణ ఇది. 3 వోల్టుల సెల్ ఉంటే హద్దు 3.75 వోల్టులు. 5 వోల్టుల సరఫరాకు ఇబ్బంది లేదు. కాని అదే వలయాన్ని 3.3 వోల్టుల బోర్డుకు కలిపితే సరఫరా హద్దుకు లోపలే ఉండిపోతుంది, చిప్ పలకదు. అలాగే పూర్తిగా ఛార్జి చేసిన 4.2 వోల్టుల లిథియం అయాన్ సెల్‌ను నేరుగా 3వ కాలికి ఇస్తే హద్దు 5.25 వోల్టులకు చేరుతుంది. 5 వోల్టుల సరఫరా కూడా దానికి చాలదు. అందుకే 3వ కాలి వద్ద వోల్టేజి 2 నుండి 3.5 వరకు మాత్రమే ఉండాలని డేటాషీట్ చెబుతుంది. సెల్ వాడదలచుకోకపోతే 3వ కాలిని గాలిలో వదిలివేయక భూమికి కలపవలెను.

ఇంతకంటే ముఖ్యమైన జాగ్రత్త మరొకటి ఉంది. బజారులో దొరికే చిన్న మాడ్యూళ్ళలో కొన్నిటికి సెల్‌ను ఛార్జి చేసే డయోడు, నిరోధకం అమర్చి ఉంటాయి. అవి ఎల్ఐఆర్2032 అనే మళ్ళీ ఛార్జి చేయదగిన సెల్ కోసం. అదే పరిమాణంలో ఉండే సీఆర్2032 ఛార్జి చేయడానికి వీలులేనిది. దానిని అక్కడ పెడితే ఉబ్బవచ్చు, కారవచ్చు, పగలవచ్చు కూడా. సీఆర్2032 వాడేటప్పుడు మాడ్యూలు పటం చూసి ఛార్జింగు మార్గాన్ని తెంచివేయాలి. బటన్ సెల్‌లను పసిపిల్లలకు అందకుండా ఉంచడం మరువరాదు. మింగితే రెండు గంటలలోనే అన్నవాహికకు తీవ్రమైన గాయం కాగలదు. మింగినట్లు అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

సెల్ త్వరగా అయిపోతుందనే భయం అక్కరలేదు. సెల్‌పై నడిచేటప్పుడు ఈ చిప్ వాడే విద్యుత్తు 500 నానో ఆంపియర్ల లోపే. ఆ లెక్కన పదేళ్ళకు 44 మిల్లీ ఆంపియర్ గంటలు చాలు. సీఆర్2032లో దాదాపు 220 ఉంటాయి. కొద్ది నెలలకే సెల్ నీరసిస్తే మరెక్కడో విద్యుత్తు కారుతున్నదని అర్థం.

కాలం కదలకపోవడం

చిప్ పలుకుతుంది, కాని ఎప్పుడు చూసినా 00:00:00 అనే చూపుతుంది. ఇందుకు అన్నిటికంటే సాధారణ కారణం సెకన్ల రిజిస్టరులోని పై బిట్. ఆ బిట్ 1గా ఉంటే కంపనాలు ఆగి ఉంటాయి. మొదటిసారి విద్యుత్తు ఇచ్చినప్పుడు ఇది సాధారణంగా 1గానే ఉంటుంది. సెకన్ల రిజిస్టరుకు 0 వ్రాస్తే గడియారం బయలుదేరుతుంది. రిజిస్టరులోని ముడి విలువ 128 గాని అంతకు మించి గాని ఉంటే గడియారం ఆపి ఉంచబడిందని నిశ్చయించవచ్చును. చాలా గ్రంథాలయాలు ఈ బిట్‌ను దాచివేసి చూపడం వలన ఇది కంటబడదు.

అది 0 అయినా కదలకపోతే క్రిస్టల్‌ను అనుమానించాలి. క్రిస్టల్ కాలికి ఆసిలోస్కోపు మొనను తాకించి చూడడం మంచిది కాదు. ఆ మొనకు ఉన్న కెపాసిటెన్సు వలననే కంపనాలు ఆగిపోవచ్చు. దానికి బదులు 7వ కాలిని వాడుకోవాలి. నియంత్రణ రిజిస్టరులో 16 వ్రాసి, 5 వోల్టుల నుండి 1 కిలో ఓము నిరోధకం, ఎల్ఈడీల మీదుగా 7వ కాలికి కలిపితే ఎల్ఈడీ సెకనుకు ఒకసారి మెరుస్తుంది. మెరుస్తూ ఉంటే గడియారం నడుస్తున్నట్లే, వెదకవలసినది ప్రోగ్రాములో. మెరవకపోతే క్రిస్టల్ కాళ్ళు, సోల్డరు అతుకులు చూడాలి. ఈ క్రిస్టల్ కాళ్ళు వెంట్రుకల వలె సన్నగా ఉండి బ్రెడ్‌బోర్డులో సరిగా పట్టవు. అతుకుల చుట్టూ మిగిలిన ఫ్లక్సు వానాకాలపు తేమను పీల్చుకొన్నా కంపనాలు ఆగవచ్చు. కనుక దానిని తుడిచివేయాలి.

అంకెలు వింతగా మారడం

సెకన్లు 9 తరువాత 16కు, 25 తరువాత 32కు దూకుతూ 89 వరకు పోతే చిప్ సరిగానే ఉంది. ఇది పదుల అంకెను నాలుగు బిట్లలో, ఒకట్ల అంకెను నాలుగు బిట్లలో వేరువేరుగా ఉంచుకుంటుంది. ప్రోగ్రాము దానిని మామూలు సంఖ్యగా చదివితే ఈ గెంతులు వస్తాయి. మధ్యాహ్నం ఒంటిగంటకు 61 అని కనిపిస్తే గడియారం 12 గంటల పద్ధతిలో ఉన్నదని, దానిని తెలిపే బిట్లను ప్రోగ్రాము తొలగించలేదని గ్రహించాలి.

ఎప్పుడో ఒకసారి మాత్రమే వేళ ఒక గంట తప్పి కనిపించి, మరుక్షణం సర్దుకుంటే ప్రోగ్రాము రిజిస్టర్లను విడివిడిగా చదువుతున్నదేమో చూడాలి. 10:59:59 వద్ద గంటలను చదివి, నిమిషాలను చదివేలోపు 11:00:00 అయితే మనకు 10:00 కనిపిస్తుంది. ఏడు రిజిస్టర్లను ఒకే విడతలో చదివితే ఈ బాధ లేదు. విడత మొదట్లోనే చిప్ ఆ క్షణపు వేళను ప్రక్కన నకలు తీసి ఉంచుతుంది.

విద్యుత్తు పోయి వచ్చిన ప్రతిసారీ గడియారం ఒకే పాత వేళకు వెళ్ళిపోతే అందరూ సెల్‌ను నిందిస్తారు. సెల్‌ను కొలిచేముందు ప్రోగ్రాము ఆరంభ భాగాన్ని చదవాలి. వేళను అమర్చే వాక్యం అక్కడే ఉండిపోతే, మొదలైన ప్రతిసారీ అదే వేళను మళ్ళీ వ్రాస్తుంది. గడియారం ఆగి ఉన్నప్పుడు మాత్రమే ఆ వాక్యం అమలయ్యేటట్లు షరతు పెట్టాలి.

వెనుకబడడం, ముందుకు పోవడం

చిప్‌కు 12.5 పికోఫారడ్ల భారానికి తయారైన క్రిస్టల్ కావాలి. 6 పికోఫారడ్ల రకం పెడితే గడియారం నిదానిస్తుంది. మైక్రోకంట్రోలరు క్రిస్టల్‌కు పెట్టే అలవాటు కొద్దీ ఇక్కడ కూడా 22 పికోఫారడ్ల కెపాసిటర్లు పెట్టేవారు ఉన్నారు. అవి అవసరం లేదు. చిప్ లోపలే ఉన్నాయి. గడియారం ముందుకు పోతుంటే క్రిస్టల్ ప్రక్కగా వేగంగా మారే సంకేతాల తీగ ఏదైనా పోతున్నదేమో చూడాలి.

అన్నీ సరిగా ఉన్నా కొంత తప్పు ఉంటుంది. పది లక్షలకు 20 వంతుల తేడా ఉన్న క్రిస్టల్‌తో రోజుకు 1.7 సెకన్లు, నెలకు 52 సెకన్లు తప్పుతాయి. పైగా ఈ క్రిస్టల్ 25 డిగ్రీల సెల్సియస్ వద్ద అన్నిటికంటే వేగంగా కంపిస్తుంది. అంతకంటే వేడెక్కినా చల్లబడినా నెమ్మదిస్తుందే కాని వేగం పెరగదు. తగ్గుదల ఉష్ణోగ్రత భేదపు వర్గాన్ని అనుసరిస్తుంది. 45 డిగ్రీల వద్ద భేదం 20, దాని వర్గం 400. దానిని 0.035తో గుణిస్తే పది లక్షలకు 14 వంతులు, అంటే రోజుకు 1.2 సెకన్లు. రోహిణీ కార్తెలో రేకుల కప్పు క్రింద ఉన్న పెట్టెలోని గడియారం వెనుకబడడంలో వింత లేదు.

ఈ తప్పు భరించరాని చోట డీఎస్3231 అనే చిప్‌ను వాడుతారు. దానిలో క్రిస్టల్ లోపలే ఉండి, ఉష్ణోగ్రతను బట్టి సవరించుకుంటుంది. 0 నుండి 40 డిగ్రీల మధ్య దాని తప్పు పది లక్షలకు 2 వంతులు మించదు. 3.3 వోల్టులతో కూడా నడుస్తుంది. చిరునామా అదే 104, వేళ రిజిస్టర్ల వరుస కూడా అదే. అయితే దాని సెకన్ల రిజిస్టరులో గడియారాన్ని ఆపే బిట్ లేదు, నియంత్రణ రిజిస్టరు కూడా వేరే చోట ఉంది. పైన చెప్పిన ఎల్ఈడీ పరీక్షను దానిపై అలాగే ప్రయోగిస్తే, ఆ 16 అనే విలువ మొదటి అలారం సెకన్లలోకి పోయి కూర్చుంటుంది.