గ్యాస్ నొప్పేనా? పెద్దపేగు వాపా?

"డాక్టరుగారూ, గ్యాస్ పట్టేసింది" అంటూ మా ఓ.పి.కి చాలామంది వస్తారు. ఎక్కువమందికి అది నిజమే. కాని కొందరి గురించి ఈ నెల వ్రాస్తున్నాము.

వయస్సు పైబడేకొద్దీ పెద్దపేగు గోడ పలచబడిన చోట్ల చిన్న సంచులు బయటికి పొంగుతాయి. సైకిలు ట్యూబు ఉబ్బినట్లు ఊహించుకోండి. వీటిని డైవర్టిక్యులా అంటారు. చాలామందికి ఇవి ఉన్నట్లే తెలియదు. వీటిలో ఒకటి వాస్తే డైవర్టిక్యులైటిస్. నొప్పి సాధారణంగా పొత్తికడుపు ఎడమవైపున వచ్చి, రోజుల తరబడి అక్కడే ఉంటుంది. జ్వరం, వికారం, మలబద్ధకం లేక విరేచనాలు తోడవుతాయి. గ్యాస్ నొప్పి చోటు మారుతుంది, గ్యాస్ పోతే తగ్గుతుంది, జ్వరం తేదు.

చిక్కేమిటంటే, మన ఆసియావాసులలో ఈ సంచులు కుడివైపున కూడా తరచుగా వస్తాయి. అప్పుడది మనవాళ్ళు "24 గంటల కడుపునొప్పి" అనే అపెండిసైటిస్ లాగే ఉంటుంది. అపెండిసైటిస్ నొప్పి తరచుగా బొడ్డు చుట్టూ మొదలై కుడివైపుకు దిగుతుంది. అయినా చేతితో నొక్కి చూసి తేల్చలేము, సి.టి. స్కాన్ కావాలి.

కిడ్నీ రాయి నొప్పి నడుము ప్రక్కనుండి గజ్జలకు తెరలు తెరలుగా వస్తుంది. రోగి ఒక్కచోట ఉండలేడు. పేగు బాగా వాచినవాడు కదలకుండా పడుకుంటాడు, ఆటో కుదుపుకే మూలుగుతాడు. నెల తప్పిన స్త్రీకి పొత్తికడుపులో నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే గర్భం ట్యూబులో నిలిచిందేమో చూడాలి. అది గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది.

కడుపు చెక్కలా గట్టిపడినా, చలిజ్వరం వచ్చినా, మలంలో రక్తం పడినా అర్ధరాత్రయినా రండి. ఇంటివద్ద ఆముదం, ఎనిమా వద్దు. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు ఈ సంచులకు మంచివి కావు. ఉపవాస ప్రార్థన ముగిశాక వస్తామని ఆగకండి. ప్రార్థన మా వార్డులోనూ చేసుకోవచ్చు.

జామ గింజలు సంచుల్లో ఇరుక్కుంటాయని పూర్వం మేమే వద్దనేవాళ్ళము. 2008లో అమెరికాలో సుమారు 47 వేలమంది పురుషులపై వెలువడిన అధ్యయనంలో గింజలు, పప్పుల వలన ప్రమాదం పెరగలేదు. నొప్పి తగ్గాక జామపండు నిక్షేపంగా తినండి. జొన్న, రాగి, ఆకుకూరలు మేలు.

పెద్దపేగు క్యాన్సరు కూడా కొన్నిసార్లు ఇలాగే కనబడుతుంది. అందుకే తగ్గిన 6 నుండి 8 వారాలకు చాలామందికి కొలనోస్కోపీ చెబుతాము. ఆ తేదీ చీటీపై వ్రాసి ఇస్తాము. నొప్పి లేకపోయినా ఆ రోజున రండి.