పిల్లిపిల్లను కొనేముందు...

చప్పిడి ముక్కు, గుండ్రటి కళ్ళు, ఒత్తయిన బొచ్చు - పర్షియన్ పిల్లిపిల్లను చూస్తే ఎవరికైనా ఎత్తుకోవాలనిపిస్తుంది. అమ్మేవారు వంశవృక్షం కాగితం కూడా చూపిస్తారు. అందులో తాతముత్తాతల పేర్లుంటాయి కాని వాటి మూత్రపిండాల సంగతి ఉండదు!

ఈ జాతిలో వంశపారంపర్యంగా వచ్చే జబ్బు ఒకటుంది. మూత్రపిండాల్లో నీటితిత్తులు ఏర్పడి, ఏళ్ళు గడిచేకొద్దీ పెరిగి, పనిచేసే కణజాలాన్ని నొక్కివేస్తాయి. పిల్లికి ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా పైకి ఏమీ కనిపించకపోవచ్చు. చిక్కంతా ఇక్కడే. ఆలోగా అది ఎన్నిసార్లు పిల్లల్ని పెడుతుందో లెక్కవేయండి.

జన్యువులు జతలుగా ఉంటాయి. జతలో ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఈ జబ్బు రావడానికి చెడిన జన్యువు ఒక్కటి చాలు. మెండెల్ బఠాణీల్లో పొడుగు మొక్కలు గుర్తున్నాయా? అలాగే ఇదీ బహిర్గత లక్షణం. ఒకే చెడు జన్యువున్న పిల్లిని ఆరోగ్యమైన పిల్లితో జతకలిపితే, పుట్టేవాటిలో సగటున సగానికి జబ్బు సంక్రమిస్తుంది. నాలుగింటిలో సరిగ్గా రెండింటికని కాదు సుమా! నాలుగింటికీ రావచ్చు, ఒక్కదానికీ రాకపోవచ్చు.

ఈ లోపం పీకేడీ-1 అనే జన్యువులో ఉందని శాస్త్రజ్ఞులు 2004లో కనుగొన్నారు. ఇప్పుడు పిల్లి బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది ప్రయోగశాలకు పంపితే చాలు, తెలిసిపోతుంది. బాధ్యత తెలిసిన పెంపకందారు తల్లికీ తండ్రికీ ఈ పరీక్ష చేయించి, ఫలితం మీరు అడగకముందే చూపిస్తాడు. తల్లిపిల్లినీ చూడనిస్తాడు.

తల్లిదండ్రులు రెండింటిలోనూ ఈ లోపం లేదని తేలితే పిల్లకు వేరే ఈ పరీక్ష అవసరముండదు. ఎందుకో మీరే చెప్పగలరు.