పదహారున్నర మిల్లీమీటర్ల దారి

హైదరాబాదు కొత్తపేటలో రోడ్డు మధ్య స్తంభాల మీద పరుగెత్తే మెట్రోకీ, మలక్‌పేట స్టేషన్లో ఆగే రైలుకీ పట్టాల కొలత ఒకటి కాదు. మెట్రో పట్టాల నడుమ దూరం 1435 మిల్లీమీటర్లు. మలక్‌పేట రైలుకు 1676. ప్రయాణికులకు ఈ తేడాతో పని లేదు. ఇంట్లో బల్ల మీద పట్టాలు పరిచి, గుట్టలు, చెట్లు, వీధులు కట్టి, వాటి మధ్య రైలు నడపాలనుకునేవాళ్ళకు మాత్రం మొదటి ముడి ఇక్కడే పడుతుంది. ప్రపంచంలో ఎక్కువమంది వాడే మోడల్ రైలు పట్టా వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. దాన్ని 87తో హెచ్చవేస్తే వచ్చేది 1435. అంటే ఆ చిన్న పట్టా మన మెట్రోకు అచ్చంగా సరిపోతుంది, మన రైలుకు సరిపోదు.

ఈ పదహారున్నర ఎలా పుట్టిందో తెలుసుకోవాలంటే జర్మనీ వెళ్ళాలి. గోపింగెన్ అనే ఊళ్ళో మార్క్లిన్ కుటుంబం 1859 నుంచి పిల్లల బొమ్మరిళ్ళకు రేకు వంటసామాను చేసి అమ్మేది. 1891లో లైప్‌జిగ్ సంతకు వాళ్ళు ఒక బొమ్మ రైలు తెచ్చారు. కీ ఇస్తే నడిచే రైళ్ళు అప్పటికే ఉన్నాయి. వీళ్ళు తెచ్చిన కొత్తదనం పట్టాలకు నికరమైన కొలతలు పెట్టి, వాటికి వరస నంబర్లు ఇవ్వడం. ఈ ఏడు కొన్న పట్టాలకు వచ్చే ఏడు మరో వంపు, మరో పాయింటు కలుపుకోవచ్చు. కొన్నరోజే పూర్తయిపోయే బొమ్మ కాస్తా ఏళ్ళ తరబడి పెరిగే నిర్మాణం అయింది. నా దృష్టిలో మోడల్ రైల్వే పుట్టింది ఆవిరితోనో కరెంటుతోనో కాదు, ఈ కొలతతోనే.

ఆ తర్వాత జీరో నంబరు గేజి వచ్చింది, పట్టాల మధ్య 32 మి.మీ. అదే కాలంలో న్యూయార్క్‌లో లయొనెల్ కోవెన్ దుకాణాల అద్దాల వెనక జనాన్ని ఆకట్టుకోవడానికి కరెంటుతో తిరిగే బండి ఒకటి చేస్తే, చూసినవాళ్ళు లోపలి సరుకు వదిలేసి ఆ బండినే అడగడం మొదలుపెట్టారు. నగరాల్లో ఇళ్ళు ఇరుకయ్యేకొద్దీ జీరో గేజి కూడా పెద్దదే అనిపించింది. 1935లో ట్రిక్స్, మార్క్లిన్ కంపెనీలు రెండూ దానికి ఇంచుమించు సగం ఉండే రైళ్ళను సంతకు తెచ్చాయి. ఇవాళ హెచ్‌ఓ అని పిలుస్తున్నది ఆ సగం కొలతనే, మన పదహారున్నర అదే.

బ్రిటన్‌లో ఒక చిక్కు వచ్చింది. అక్కడి ఇంజన్లు జర్మనీ ఇంజన్లకన్నా సన్నవి. 87వ వంతుకు తగ్గిస్తే ఆనాటి మోటారు లోపల పట్టలేదు. దాంతో ఇంజను పెట్టెను 76వ వంతుకు పెంచి, పట్టాను మాత్రం 16.5 దగ్గరే ఉంచేశారు. హోర్న్‌బీ కంపెనీ 1938లో ఆ పద్ధతిలోనే డబ్లో రైళ్ళు తెచ్చింది. పెట్టె ఒక లెక్క, పట్టా మరో లెక్క. ఆ రాజీ ఇప్పటికీ అలాగే నడుస్తోంది.

మన దగ్గరా అటువంటి రాజీయే. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు నిజాం రాజ్యపు రైలు వచ్చింది బ్రాడ్ గేజి మీదే. 1676ని 87తో భాగిస్తే 19.3 మి.మీ. బజారులో దొరికే పట్టా మూడు మిల్లీమీటర్లు తక్కువ. లాలాగూడ షెడ్డు వాళ్ళ డబ్ల్యూఏపీ-7 ఇంజనును ముచ్చటపడి కట్టుకుని ఆ పట్టా మీద నిలబెడితే, పక్కనుంచి బాగానే ఉంటుంది. ఎదురుగా చూస్తే చక్రాలు లోపలికి నొక్కినట్టుండి ఇంజను బలమంతా పోయినట్టనిపిస్తుంది. అందుకే కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ వైపు ఉండేవాళ్ళు మొదటి లేఅవుట్‌కు, అంటే బల్ల మీద కట్టే ఊరికి, మెట్రోను ఎంచుకోవాలంటాను. మెట్రో పెట్టెలు తయారుగా దొరక్కపోవచ్చు, ప్లాస్టిక్ షీటు కోసో త్రీడీ ప్రింటరు మీదో చేసుకోవాలి. కానీ కింద చక్రాలు, మోటారు, బోగీలు విదేశీ హెచ్‌ఓ బండివి యథాతథంగా వాడుకోవచ్చు. కొలత కలిసింది గనక వెనక నుంచి చూసినా, ముందు నుంచి చూసినా తేడా రాదు.

ఇక స్థలం. 87వ వంతులో ఒక కిలోమీటరంటే పదకొండున్నర మీటర్లు. విక్టోరియా మెమోరియల్ స్టేషన్ నుంచి చైతన్యపురి స్టేషన్ దాకా లెక్కప్రకారం కట్టాలంటే అపార్టుమెంటులో ఏ గదీ చాలదు. స్టేషన్ ఒక్కటే ఒకటిన్నర మీటరు దాటుతుంది. దాంతో స్టేషన్ గుర్తుపట్టేందుకు ఏమేం కావాలో అవి ఉంచి, మధ్య భాగాన్ని కుదించాలి. స్తంభాల వరసలో నాలుగు తీసేసినా కన్ను ఒప్పుకుంటుంది, మెట్ల వాలు మారిస్తే ఒప్పుకోదు. ఏది వదలాలో తెలియడానికి ఆ రోడ్డు మీద టేపు, నోటుపుస్తకం పట్టుకుని చాలాసార్లు నడవాలి.

వంపుల దగ్గర ఇంకా పెద్ద రాజీ పడాలి. బ్రాడ్ గేజి మీద మన రైల్వే అనుమతించే అతి పదునైన వంపు పది డిగ్రీలు, దాని వ్యాసార్ధం 175 మీటర్లు. దాన్ని 87వ వంతు చేసినా రెండు మీటర్లు. అంటే రైలు గుండ్రంగా తిరిగి రావడానికి నాలుగు మీటర్ల గది కావాలి. బజారు పట్టాల వంపులు ఎక్కువగా అరమీటరు లోపే ఉంటాయి. నిజమైన రైలు ఆ వంపులో పట్టా దిగిపోతుంది. మోడల్ తిరుగుతుంది, ఎందుకంటే దాని చక్రాల అంచులు లెక్కకు మించి లోతుగా చేస్తారు.

కొలతలు మనం తగ్గించినంత సులువుగా ప్రకృతి తగ్గదు. పొడవు 87 వంతులు తగ్గితే బరువు 87ని మూడుసార్లు హెచ్చవేసినంత, అంటే ఆరున్నర లక్షల వంతులు తగ్గుతుంది. 123 టన్నుల డబ్ల్యూఏపీ-7 ఆ లెక్కన 187 గ్రాములే ఉండాలి. అంత తేలికైన ఇంజను చక్రం పట్టాకు గట్టిగా ఆనదు, కరెంటు సరిగా అందదు, బండి తడబడుతుంది. అందుకని తయారీదారులు లోపల లోహపు దిమ్మలు పెట్టి బరువు పెంచుతారు. దుమ్ము కూడా చిన్నదవదు. విజయవాడ హైవే పక్కన ఇల్లయితే రాత్రికి రాత్రే పట్టాల మీద పొర పేరుకుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన గుడ్డతో తుడవడం రోజువారీ పని.

వేగం సంగతీ చూడాలి. మెట్రో గరిష్ఠంగా గంటకు 80 కిలోమీటర్లు పోతుంది. బల్ల మీద అది సెకనుకు పాతిక సెంటీమీటర్లు. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు దీనికి రెండు మూడింతలు తోలతారు, అప్పుడెంత అందమైన రైలైనా బొమ్మైపోతుంది. నెమ్మదిగా బయలుదేరి, నెమ్మదిగా ఆగాలి.

పాత పద్ధతిలో రెండు పట్టాల్లోకీ 12 వోల్టుల డీసీ కరెంటు వదిలేవారు. వోల్టేజి పెంచితే వేగం, తీగలు తారుమారు చేస్తే వెనక్కి. ఒకే పట్టా మీద రెండు ఇంజన్లుంటే రెండూ కదులుతాయి. ఆ బాధ తప్పించుకోవడానికి పట్టాలను ముక్కలు ముక్కలుగా విడగొట్టి స్విచ్చులు, రిలేలు పెట్టేవాళ్ళు. అమెరికాలో ఎంఐటీ విద్యార్థులు 1946లో పెట్టుకున్న మోడల్ రైల్వే క్లబ్బులో బల్ల కింద టెలిఫోన్ రిలేలతో అల్లిన వ్యవస్థ పై లేఅవుట్ కన్నా పేరు పొందింది. దాన్ని అల్లినవాళ్ళలో కొందరు ఆ తర్వాత అక్కడి తొలి కంప్యూటర్ల మీద పనిచేశారు.

ఇప్పుడు డీసీసీ అనే డిజిటల్ పద్ధతి వచ్చింది. పట్టాల్లో కరెంటు ఎప్పుడూ ఉంటుంది, దాని దిశ మాత్రం క్షణక్షణం మారుతుంది. ఆ మార్పులోనే ఆజ్ఞలు దాగుంటాయి. కరెంటు ఒక్కో దిశలో 58 మైక్రోసెకన్లుంటే ఒకటి, వంద లేదా అంతకు మించి ఉంటే సున్న. ప్రతి ఇంజనులోనూ ఒక చిప్, దానికో నంబరు. తన నంబరుతో వచ్చిన మాటే అది వింటుంది. బయలుదేరడంలో, ఆగడంలో ఎంత నిదానం చూపాలో కూడా చిప్‌కు చెప్పి ఉంచవచ్చు, అప్పుడు కొన్ని వందల గ్రాముల బండి వందల టన్నుల బండిలా నడుచుకుంటుంది. రిలేలు, ఎల్ఈడీలు, వైర్లు కావాలంటే కొత్తపేట వాళ్ళు దూరం పోనక్కర్లేదు. మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగితే కోఠి గుజరాతీ గల్లీ దగ్గరే.

హైదరాబాదులో మోడల్ రైలు సరదాకే కాక ఉద్యోగానికీ పనికొస్తుంది. తార్నాకలో 1957 నవంబరు 24న మొదలైన ఇరిసెట్‌లో దేశం నలుమూలల నుంచి వచ్చే రైల్వే సిగ్నల్ ఇంజనీర్లు చదువుకుంటారు. మౌలాలిలో జోనల్ రైల్వే శిక్షణ సంస్థ ఉంది. ఇటువంటి చోట్ల మోడల్ రూమ్ ఉంటుంది. బల్ల మీద చిన్న స్టేషన్లు, చిన్న సిగ్నళ్ళు. స్టేషన్ల మధ్య లైన్ క్లియర్ అడిగే పద్ధతి మాత్రం అసలుదే. పక్క స్టేషన్ ఒప్పుకునేదాకా సిగ్నల్ వదలకూడదు, ఒక బ్లాకులో ఒకే బండి ఉండాలి. ఇక్కడ తప్పు జరిగితే చేతితో ఎత్తి సరిచేయవచ్చు. స్టేషన్ మాస్టర్లు తప్పులు చేసి నేర్చుకునే చోటు అదొక్కటే కావాలి గనక ఆ బల్లకు అంత విలువ.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం, దృశ్యం కట్టడం. ఈ విద్య పుస్తకాల్లో ఎక్కువ యూరప్, అమెరికాల్లో రాసినవి. వాటిలోని కొండలు కోసుగా, పొరలు తేలి ఉంటాయి, చెట్లన్నీ దేవదారులు. హైదరాబాదు రాయి గ్రానైటు, వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. పగుళ్ళలోకి నీరు దిగి, మూలలు ముందు శిథిలమై, బండలు గుండ్రంగా మిగిలాయి. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే ఆ గుట్టలు చూడాలంటే మౌలాలి పోతే చాలు. థర్మోకోల్‌ను కోసి మూలలు అరగదీసి, పైన పీఓపీ పల్చగా పూసి, ఆరకముందే తడి బ్రష్షుతో నునుపు చేస్తే మన బండ వస్తుంది. రంగు ఒట్టి బూడిద కాదు, అందులో కాస్త గులాబీ కలవాలి, వాన నీరు జారిన చోట నల్లటి చారలు దించాలి. నేలకు చెలక ఎరుపు. ఏ రంగైనా తెల్లదనం కలిపి ఒక మెట్టు తగ్గించి వేయాలి. చేయి చాచినంత దూరంలో ఉన్న గుట్టను మనం అల్లంత దూరాన ఉన్నట్టు చూడబోతున్నాం, దూరం రంగును వెలిసిపోయేలా చేస్తుంది.

పట్టాల కింద కంకర కావాలి. రైల్వే కంకరలో పెద్ద రాయి 65 మి.మీ. 87వ వంతులో అది ముప్పావు మిల్లీమీటరు. క్రషర్ దగ్గరి రాతిపొడిని టీ వడపోతలో జల్లిస్తే సరైన కంకర దొరుకుతుంది. బ్రష్షుతో సర్ది, నీళ్ళు కలిపిన ఫెవికాల్ చుక్కలు చుక్కలుగా వదలాలి. నేరుగా వదిలితే చుక్క ముద్దగా నిలిచి కంకరను దొర్లించేస్తుంది. తలతన్యత వల్ల నీటి చుక్క మూడు నాలుగు మిల్లీమీటర్లుంటుంది, బల్ల మీది మనుషుల లెక్కలో అది అడుగు మందం. ముందు గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క కలిపిన నీళ్ళు చల్లితే తలతన్యత తగ్గి జిగురు సాఫీగా ఇంకుతుంది. సరూర్‌నగర్ చెరువు చేయాలనుకున్నా ఇదే కారణంతో అసలు నీళ్ళు పోయకూడదు. రెజిన్ పల్చటి పొరలుగా పోసి, ఒడ్డున గుర్రపుడెక్క ఆకుపచ్చ వేయాలి.

చెట్లకు సన్న రాగి తీగ మెలిపెట్టి కొమ్మలు, మిక్సీలో పొడి చేసిన స్పాంజికి రంగేస్తే వేప, కానుగ ఆకులు. తాటిచెట్టుకు కొబ్బరి పీచు, కాగితం. ఇక మనుషుల దగ్గర మనవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో తాటిచెట్టునూ, దానికి కట్టుకుని ఎక్కుతున్న గీత కార్మికుడినీ చెక్కుతారు. ముక్కలు అతకడానికి చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు. మన ఇళ్ళలో సంక్రాంతి బొమ్మల కొలువులో ఆవాలు మొలకెత్తించి పొలాలు, అద్దం ముక్కతో చెరువు పెట్టడం ఉంది. ఊరిని బల్ల మీదకు దించే చూపు మనకు పాతదే. ఆ చేతులకు 87 అనే ఒక్క అంకె అందాలి.

కాలం కూడా నిర్ణయించుకోవాలి. అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో మొదలైంది 2018 సెప్టెంబరు 24న. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు కొత్తపేటలో ఉన్నది ఆ తర్వాత మూడు నాలుగేళ్ళే, తర్వాత బాటసింగారం వెళ్ళిపోయింది. పైన మెట్రో, కింద మామిడి లారీలు, గడ్డి పరచిన పెట్టెలు కలిసి కనిపించే కొత్తపేట ఆ కొద్ది ఏళ్ళది. నేను కట్టమనేది దాన్నే. పుణెలో బి.ఎస్. జోషి 1998లో ప్రజలకు తెరిచిన చిన్న రైళ్ళ మ్యూజియం చూసినవాళ్ళకు తెలుసు, అక్కడి లేఅవుట్ కల్పిత నగరం. మనది ఉన్న ఊరు కావాలని నా కోరిక.

చెయ్యి తిరిగాక మలక్‌పేటకు రావాలి. అక్కడ కింద రోడ్డు, దాని మీద రైలు వంతెన, ఆ పైన మెట్రో. ఒకే చోట రెండు గేజిలు. 1990 దశకం దాకా ఆ మధ్య అంతస్తు మీద నడిచింది కాచిగూడ మీటర్ గేజి రైలు, దాన్నీ కలిపితే మూడు. మీటర్ గేజి 87వ వంతులో పదకొండున్నర మిల్లీమీటర్లు, బజారులో 12 మి.మీ. పట్టా ఉంది, అరమిల్లీమీటరు తేడా ఎవరి కంటికీ ఆనదు. పై అంతస్తు మెట్రోకు 16.5 ఉండనే ఉంది. ఇవాళ్టి బ్రాడ్ గేజికి మాత్రం రాగి పూత బోర్డును స్లీపర్లుగా కోసుకుని, వాటి మధ్య రాగిని గీసి రెండు పట్టాలను విడదీసి, 19.3కు కోసిన గేజి ముక్క నడుమ పెట్టి, పట్టాలను ఒక్కొక్క స్లీపరు దగ్గరా సోల్డరింగ్ చేసుకుంటూ పోవాల్సిందే.