సైటేషన్ల లెక్క, మెరిట్ చిట్టా

మండల్ వ్యతిరేక గొడవ నడిచిన 1990లో మెరిట్ అంటే ఎంట్రన్సు ర్యాంకు. ఇప్పుడు యూనివర్సిటీ ఉద్యోగాల దగ్గర ఆ మాటకు కొత్త అంకెలు వచ్చినయి. ఎన్ని పేపర్లు అచ్చయినయి, వాటిని ఎందరు ఉటంకించారు, హెచ్-ఇండెక్స్ ఎంత అని అడుగుతున్నారు. అంకెకు కులం లేదంటారు. అంకె ఎట్లా తయారవుతుందో చూస్తే గాని ఆ మాట సంగతి తేలదు. చిన్న ఉదాహరణ ఎందుకు, పెద్దదే తీసుకుందాం.

జె.ఎన్.రెడ్డి 1945లో వరంగల్‌లో పుట్టారు. 1968లో ఉస్మానియాలో మెకానికల్ ఇంజనీరింగు డిగ్రీ తీసుకొని అమెరికా వెళ్లారు. 1974లో పిహెచ్‌డి వచ్చింది. ఓక్లహోమాలో, వర్జీనియా టెక్‌లో పనిచేసి 1992లో టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీకి మారారు. వందలాది పేపర్లు, ఇరవైకి పైగా పుస్తకాలు రాశారు. 2019లో టిమోషెంకో పతకం అందుకున్నారు.

ఆయన పేపర్లలో బాగా ఉటంకింపబడ్డది 1984లో 'జర్నల్ ఆఫ్ అప్లైడ్ మెకానిక్స్'లో వచ్చింది. అందులో ఏముందో తెలియకుండా సైటేషన్ల గురించి మాట్లాడటం గాలిలో మాట్లాడటమే. ప్లైవుడ్డు లాగ పొర మీద పొర అతికించిన కాంపోజిట్ పలకలు విమానాల్లో వాడతారు. బరువు పడ్డప్పుడు అవి ఎట్లా వంగుతాయన్నది ప్రశ్న. పాత సిద్ధాంతం పలక మందంలో జరిగే జారుడును, అంటే షియర్‌ను, లెక్కలోకే తీసుకోలేదు. తర్వాతి సిద్ధాంతం తీసుకున్నది గాని, పైనుంచి కింది దాకా అది ఒకే తీరుగ ఉంటుందనుకున్నది. ఆ తేడా సర్దటానికి బయటి నుంచి ఒక గుణకం తెచ్చి కలపాల్సి వచ్చేది. రెడ్డి లెక్కలో షియర్ పలక పైముఖం దగ్గర, కిందిముఖం దగ్గర సున్నా అవుతుంది, గుణకం అక్కర లేదు. అయినా కనుక్కోవాల్సిన రాశుల సంఖ్య పెరగలేదు. తక్కువ ఖర్చుతో ఎక్కువ ఖచ్చితత్వం అన్నమాట. పలకల మీద పనిచేసే ప్రతివారికీ ఆ పేపరు చెప్పక తప్పని మెట్టు అయింది. ఈ సైటేషన్లు ఊరికే వచ్చినవి కావు. ఆ శాస్త్రాన్ని తక్కువ చేయడం ఇక్కడ పని కాదు.

కాని ఆ అంకెలో ఇంకా ఏమేం కలిసి ఉన్నాయో విడదీసి చూడాలి. పిహెచ్‌డికీ ఈ పేపరుకూ మధ్య పదేళ్లున్నాయి, ఆ పదేళ్లలో చాలా భాగం చేతిలో ఉద్యోగం ఉంది. ఇంజనీరింగులో విద్యార్థి పేపరు మీద గైడు పేరు కూడా ఉంటుంది కాబట్టి, ఎక్కువ మంది విద్యార్థులున్న ప్రొఫెసరుకు ఎక్కువ పేపర్లుంటాయి. పాఠ్యపుస్తకం రాస్తే దాన్ని చదివిన ప్రతి తరమూ ఉటంకిస్తుంది. పేరున్న వాడికే మళ్లీ పేరు వచ్చి చేరుతుందని సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1968లోనే రాశాడు. మన ఊళ్లల్లో ఇది చెప్పటానికి మెర్టన్ అక్కర లేదనుకోండి.

హెచ్-ఇండెక్స్‌ను 2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త తెచ్చాడు. పది పేపర్లకు తలా పది సైటేషన్లకు తక్కువ కాకుండా ఉంటే ఇండెక్సు పది. మూడే పేపర్లు రాసి, ఒక్కోదానికి వెయ్యి సైటేషన్లు తెచ్చుకున్నా ఇండెక్సు మూడే. ఇది వయసుతో పెరగడమే గాని తగ్గడం ఉండదు. జీవశాస్త్రాల్లో పెద్దగా ఉంటుంది, కాబట్టి శాఖకూ శాఖకూ పోల్చరాదు. ఒక్క అంకె మనిషి పనిని ఉజ్జాయింపుగానే చెప్పగలదని హిర్షే హెచ్చరించాడు. అంతకుముందు 1960లలో యూజీన్ గార్‌ఫీల్డ్ సైటేషన్ ఇండెక్సు మొదలుపెట్టింది కూడా ఒక పేపరు నుంచి ఇంకో పేపరుకు దారి వెతుక్కోవటానికి. ఉద్యోగం ఇవ్వాలా వద్దా తేల్చటానికి కాదు.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదలు. మా అమ్మకు పేపరంటే ఇప్పటికీ వార్తాపత్రికే. జర్నల్ చదవాలంటే చందా ఉన్న లైబ్రరీ కావాలి, చాలా ఓపెన్ యాక్సెస్ జర్నళ్లలో అచ్చు కావాలంటే రచయితే రుసుము కట్టాలి. 2024 నవంబరులో కేంద్ర కేబినెట్ 6,000 కోట్లతో 'ఒకే దేశం, ఒకే చందా' పథకం ఆమోదించింది గాని, అది ప్రభుత్వ సంస్థలకు. ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్తూ పిహెచ్‌డి చేసే పిల్లవాడు దాని బయటే ఉండిపోయాడు. అంటే సైటేషన్లు చాలామటుకు ఉద్యోగం తర్వాత పుట్టే పంట. దాన్నే ఉద్యోగానికి విత్తనంగ తెమ్మంటున్నారు.

సరే, తెచ్చినోళ్లకైనా ఫలితం ఉందా? 2018 యూజీసీ నిబంధనలు చూడండి. యూనివర్సిటీ అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు ఒక్కో పేపరుకు 2 మార్కులు, మొత్తం 10కి మించకుండా. పైగా ఈ స్కోరు ఇంటర్వ్యూకు పిలవటానికే, ఎంపిక మాత్రం ఇంటర్వ్యూ మీదనే అని అందులో రాసి ఉంది. అంకె గడప దాకా తీసుకుపోతుంది, లోపల గదిలో కూర్చున్నవాళ్లు తేలుస్తారు. రిజర్వుడు పోస్టు ఎదుట 'నాట్ ఫౌండ్ సూటబుల్' అని పడేది ఆ గదిలోనే. పేపర్లు చాలలేదని బయట చెప్పే మాటకు, లోపల జరిగిన దానికి పొంతన ఉందో లేదో కాగితాల్లోనే దొరుకుతుంది.

కాబట్టి సమాచార హక్కు దరఖాస్తు పెట్టే మిత్రులు ఖాళీల సంఖ్య ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. ఇంటర్వ్యూకు పిలిచినవాళ్ల షార్ట్‌లిస్టు స్కోర్లు, ఇంటర్వ్యూ మార్కులు కేటగిరీల వారీగా అడగాలి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులు దరఖాస్తు చేసినప్పుడు ఆ వర్గాల నుంచి ఒక విద్యావేత్త ఎంపిక కమిటీలో ఉండాలని అవే నిబంధనలు చెప్తున్నాయి. ఆ కుర్చీలో ఆ రోజు ఎవరు కూర్చున్నారో కూడా అడగండి.