చెస్ ఇంజన్: స్పీడ్ ఎక్కువైతే ఆట కూడా బలంగా ఉంటుందా?

కొత్త ఫోన్ కొనగానే చెస్ యాప్ ఓపెన్ చేసి, సెకనుకు ఎన్ని పొజిషన్లు చూస్తోందో స్క్రీన్‌షాట్ తీసి గ్రూప్‌లో పెట్టేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఆ నంబర్ పెద్దదైతే ఇంజన్ బాగా ఆడుతున్నట్టేనా? అంత సింపుల్ కాదు.

20 కోట్లు వర్సెస్ 20 వేలు

1997 మేలో కాస్పరోవ్‌ని 3.5-2.5తో ఓడించిన ఐబీఎం డీప్ బ్లూ సెకనుకు దాదాపు 20 కోట్ల పొజిషన్లు చూసేది. అందుకోసం 480 ప్రత్యేక చెస్ చిప్‌లు పెట్టారు.

12 ఏళ్ల తర్వాత, 2009లో, పాకెట్ ఫ్రిట్జ్ 4 అనే ప్రోగ్రామ్ హెచ్‌టీసీ టచ్ హెచ్‌డీ ఫోన్ మీద బ్యూనస్ ఎయిర్స్‌లో ఒక టోర్నీ ఆడింది. 10 గేముల్లో 9.5 పాయింట్లు కొట్టింది. పర్ఫార్మెన్స్ రేటింగ్ 2898! మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబర్ ఫిడే లిస్ట్‌లో 2801కి చేరితేనే దేశమంతా పండగ చేసుకుంది. ఆ ఫోన్‌కి ఎదురైనవాళ్లు కాస్పరోవ్ స్థాయి వాళ్లు కాదు, నిజమే. కానీ అది చూసింది సెకనుకు 20 వేల లోపు పొజిషన్లే.

తేడా ఎక్కడుంది?

గాజువాక నుంచి మధురవాడకి వెళ్లాలి. బండి ఎంత స్పీడైనా, కనిపించిన ప్రతి సందులోకీ దూరి చూస్తే ఎప్పటికి చేరతాం? దారి తెలిసినవాడు పాత స్కూటీ మీదే ముందు చేరిపోతాడు. మంచి ఇంజన్ కూడా పనికిరాని ఎత్తుల్ని మొదట్లోనే వదిలేస్తుంది. మిగిలిన పొజిషన్లలో ఎవరిది పైచేయో సరిగ్గా అంచనా వేస్తుంది.

స్లో అయి గెలిచింది

2020 సెప్టెంబర్‌లో వచ్చిన స్టాక్‌ఫిష్ 12లో ఈ అంచనా పనిని చిన్న న్యూరల్ నెట్‌వర్క్‌కి అప్పగించారు. ఒక్కో పొజిషన్‌కి టైమ్ ఎక్కువ పట్టి, సెకనుకు చూసే సంఖ్య తగ్గింది. అయినా పాత వెర్షన్ 11ని చిత్తుగా ఓడించింది.

డీప్‌మైండ్ ఆల్ఫాజీరో ఇంకా విచిత్రం. 2018లో ప్రచురించిన వెయ్యి గేముల మ్యాచ్‌లో అది సెకనుకు 60 వేలు చూస్తే, అప్పటి స్టాక్‌ఫిష్ 6 కోట్లు చూసింది. ఆల్ఫాజీరో 155 గెలిచి, 6 మాత్రమే ఓడింది. అయితే అది నడిచింది గూగుల్ టీపీయూల మీద. పొజిషన్లు తక్కువే అయినా, ఒక్కోదానికి చేసే లెక్క చాలా ఎక్కువ.

మరి ఫోన్ స్పీడ్ వేస్టా?

కాదు. ఒకే ఇంజన్, ఒకే వెర్షన్ అయితే వేగంగా ఉన్న ఫోనే బలంగా ఆడుతుంది. కానీ స్పీడ్ రెట్టింపైతే లోతు రెట్టింపు కాదు, సుమారు ఒక ఎత్తు పెరుగుతుంది అంతే. పైగా మన వైజాగ్ ఉక్కపోతలో ఫోన్ వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. కాబట్టి మొదటి సెకన్లలో కాకుండా పది నిమిషాల తర్వాత కనిపించే నంబర్ చూడండి.

మా మాట

వేర్వేరు ఇంజన్ల స్పీడ్ నంబర్లు పోల్చకండి, దానికి అర్థం లేదు. చెస్ కోసమే అయితే ఫ్లాగ్‌షిప్ ఫోన్ అక్కర్లేదు. ముందు యాప్ అప్‌డేట్ చేయండి. అది ఫ్రీ!