నడుమునొప్పికి కత్తి యెప్పుడు?

జనగామ చెంతనున్న పెంబర్తిలో ఇత్తడి రేకును లక్కపై నిలిపి, ఉలితో సుత్తితో దేవతామూర్తులను లతలను తేల్చు శిల్పి పూటంతయు తల వంచినది వంచినట్లే యుండును. మహబూబాబాదు ప్రాంతమున మిరపకాయ లేరు కూలితల్లి సాలు మొదట నడుము వంచినచో సాలు చివరగాని నిటారుగా నిలువజాలదు. భూపాలపల్లి కాకతీయ ఖనిలో పనిచేయు కార్మికునికి బరువులును కుదుపులును నిత్యకృత్యములు. ఈ మూడు జిల్లాలును 2016 అక్టోబరు 11వ తేదీన ఏర్పడినవి. జిల్లాలు క్రొత్తవి గాని, నొప్పి మాత్రము పాతదే.

ఆ నొప్పికి మనవారు చేయు చికిత్సలకును కొదువ లేదు. పసరు పట్టు వేయుదురు, తోమించుకొందురు, ఎదురుకాళ్ళతో పుట్టినవానిచేత నడుముపై తన్నించుకొందురు. అప్పటికిని తగ్గకున్న ఆర్‌ఎంపీ యొద్ద ‘ఒక సూది’ వేయించుకొందురు. తన్నుటయైనను నవ్వి విడువదగినది కాదు. లోన ఎముక విరిగియో క్షయ సోకియో యున్న వెన్నెముకకు అది మహాపకారము. ఇక ఆ సూదిలో పలుమారు స్టెరాయిడు ఉండుటవలన నొప్పి మరునాటికే మాయమగును గాని, అదే యలవాటైనచో చక్కెరవ్యాధి విజృంభించును, ఎముకలు గుల్లబారును. నొప్పిమాత్రలను నెలలతరబడి మ్రింగినవారికి మూత్రపిండములు చెడవచ్చును.

వెన్నెముకలో మెడయందు 7, వీపునందు 12, నడుమునందు 5 పూసలు కలవు. పూసకును పూసకును నడుమనుండు డిస్కు లోపల జిగురు గుజ్జును, చుట్టును గట్టి పీచువలయమును గలది. ‘డిస్కు జారినది’ అని మనమనునప్పుడు నిజముగా జరుగునది యేమనగా, ఆ వలయము చిరిగి గుజ్జు వెలికి వచ్చి ప్రక్కనున్న నరమును ఒత్తుట. అందువలననే పిరుదునుండి పిక్కదాక ‘నరము గుంజు’చుండును. ఈ సంగతిని 1934లో బోస్టను వైద్యులు మిక్స్టర్, బార్ అనువారు లోకమునకు స్పష్టపరచిరి. అయితే వెలికివచ్చిన గుజ్జును శరీరమే క్రమముగా హరించుకొనును. కావుననే అధికసంఖ్యాకులకు ఆరు మొదలు పండ్రెండు వారములలో కత్తి లేకయే నెమ్మదించును. ఒకటి రెండు దినములకు మించి మంచము పట్టక, ఓర్చుకొనగలిగినంత నడచుచు, ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామములు చేయుటయే అప్పటి ముఖ్యచికిత్స.

‘స్కానింగ్‌లో డిస్కు ఉబ్బినది’ అని చీటీ చూచి బెంబేలుపడువా రనేకులు. 1994లో అమెరికాలో నడుమునొప్పి యెన్నడును లేని 98 మందికి ఎంఆర్‌ఐ తీయగా, అన్ని డిస్కులును సవ్యముగా నున్నవారు నూటికి 36 మందియే. కావున చికిత్స చేయవలసినది మనిషికి గాని ఫిల్ముకు గాదు. కాలిలో బలమును, స్పర్శను చేతితో పరీక్షింపకయే స్కాను చూచి ఆపరేషను నిర్ణయించు వైద్యుని యొద్దనుండి లేచి, మరియొకరి యభిప్రాయము గైకొనుట యుక్తము.

శస్త్రచికిత్స నరమును ఒత్తుచున్న ముక్కను తొలగించుటకును, నాళము ఇరుకైనచోట వెడల్పు చేయుటకును, పట్టు తప్పిన పూసలను మరలతో కడ్డీలతో అతికించుటకును చేయుదురు. 2007లో ప్రకటితమైన నెదర్లాండ్స్ పరిశోధనలో, కాలినొప్పి గలవారికి త్వరగా ఆపరేషను చేసినచో ఉపశమనము త్వరగా కలిగినది, కాని సంవత్సరాంతమున వారి స్థితియు, ఆపరేషనుకు తొందరపడక వేచియుండినవారి స్థితియు ఇంచుమించు సమానమే. కాలిలోనికి పాకని వట్టి నడుమునొప్పికి కత్తి సాధారణముగా అక్కరకు రాదు. ‘నడుము కోస్తే కాళ్ళు పడిపోతాయి’ అను భయమును అతిశయోక్తియే: వెన్నుపాము నడుము మొదటి రెండు పూసల వద్దనే ముగియును, డిస్కు ఆపరేషన్లలో అధికభాగము దానికి దిగువన జరుగును. చీము పట్టుట, నరమునకు దెబ్బ తగులుట, గుజ్జు మరల జారుట వంటి ప్రమాదములు లేకపోలేదు. వానిని ముందుగా అడిగి తెలిసికొనుడు.

మెడ సంగతి వేరు. అక్కడ వెన్నుపాము నిండుగా నున్నందున, చొక్కా గుండీ పెట్టుకొనుటలో వ్రేళ్ళు తడబడుట, నడకలో తూలుట కానవచ్చినచో ఆలస్యము తగదు. పోయిన పటుత్వము తరువాతి ఆపరేషనుతో తిరిగి రాకపోవచ్చును. ఫ్లోరైడు నీరు త్రాగిన పల్లెలలో స్నాయువులు ఎముకవలె గట్టిపడి వెన్నుపామును నొక్కుట కలదు. ఆ వ్యాధిని మన దేశమున తొలుత 1937లో నెల్లూరు జిల్లానుండియే వైద్యులు వర్ణించిరి. జ్వరము, బరువు తగ్గుట, రాత్రివేళల అధికమగు నొప్పి ఉన్నచో క్షయను శంకింపవలెను. దాని మందులు ప్రభుత్వాసుపత్రులలో ఉచితము.

మహబూబాబాదులో 2022లోను, జనగామ, భూపాలపల్లిలలో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమైనవి. తొలి పరీక్షకు వరంగల్లుదాక పోనక్కరలేదు. శస్త్రచికిత్స వలసినచో వరంగల్లున ఎం.జి.ఎం., హైదరాబాదున నిమ్స్ ఆసుపత్రులు కలవు. ఆరోగ్యశ్రీ వర్తించునా యని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడుగుడు. కాని నడుమునొప్పితో మూత్రము బిగిసినను, తెలియక జారినను, మలద్వారము చుట్టును తొడల నడుమను స్పర్శ లేకపోయినను, పాదము వ్రేలాడినను, తెల్లవారుదాక ఆగక 108కు ఫోను చేయుడు.