మీడియం ఫార్మాట్ ఆరుబయలు ఛాయాచిత్రణలో ఓర్పు, అదృష్టం: మడికొండ మెట్టుగుట్ట ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఆరుబయట తీసిన మంచి ఛాయాచిత్రాన్ని చూసి ‘అదృష్టం కలిసివచ్చింది’ అనడం పరిపాటి. 120 ఫిల్ముతో పనిచేసే మీడియం ఫార్మాట్ కెమెరా విషయంలో ఆ మాట ఎంతవరకు సమంజసమో మడికొండ మెట్టుగుట్టను ఉదాహరణగా తీసుకొని వివరించడం, పాత ఛాయాచిత్రాలను ఆధారాలుగా వాడే పరిశోధకులకు దానివల్ల తెలిసేదేమిటో సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మీడియం ఫార్మాట్, 120 ఫిల్ము, మడికొండ, మెట్టుగుట్ట, అదృష్టం, కాకతాళీయం.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు–వరంగల్లు రహదారిపై కాజీపేటకు సమీపంలో ఉన్న మడికొండ, ప్రజాకవి కాళోజీ నారాయణరావు ఊరిగా సాహిత్యలోకానికి పరిచితం. ఇక్కడి మెట్టుగుట్టపై రామలింగేశ్వరస్వామి ఆలయం, బండమీద బండ పేర్చినట్లు నిలిచిన రెండు శిలాస్తంభాలు ఉన్నాయి. గుట్ట కదలదు కనుక దాన్ని చిత్రించడం తేలికని తోస్తుంది. కానీ ఫిల్ముపై నమోదయ్యేది గుట్టపై పడిన వెలుగు. అది నిమిషనిమిషానికీ మారుతుంది.

2. ఫార్మాట్ స్వభావం

120 ఫిల్మును కొడాక్ సంస్థ 1901లో ప్రవేశపెట్టింది. దీని వెడల్పు సుమారు 6 సెంటీమీటర్లు. ఒక చుట్టపై 6×6 కొలతలో 12, 6×7 కొలతలో 10, 6×9 కొలతలో 8 చిత్రాలు వస్తాయి. 35 మి.మీ. ఫిల్ముపై ఒక చిత్రం వైశాల్యం 864 చదరపు మి.మీ. కాగా, 6×6 కొలతలో అది 3,136 చదరపు మి.మీ.; అంటే మూడున్నర రెట్లకు పైగా. రాతి గరుకుదనం, పగుళ్లు, వాన చారికలు పెద్ద అచ్చులో సైతం చెదరకుండా నిలవడానికి ఇదే కారణం.

ఈ లాభం ఊరికే రాదు. 35 మి.మీ. కెమెరాలో 50 మి.మీ. కటకం చేసే పనికి ఇక్కడ 80 మి.మీ. కటకం కావాలి. నాభ్యంతరం పెరిగేకొద్దీ స్పష్టత నిలిచే లోతు తగ్గుతుంది. ముందరి బండ, వెనుకటి స్తంభం రెండూ స్పష్టంగా రావాలంటే కటక ద్వారాన్ని ఎఫ్/16కో ఎఫ్/22కో కుదించాలి. 100 ఐఎస్‌ఓ ఫిల్ముకు మంచి ఎండలో ఎఫ్/16 వద్ద సెకనులో నూరో వంతు చాలు. పొద్దు వాలి వెలుగు పదహారో వంతుకు పడిపోతే ఎఫ్/22 వద్ద సెకనులో సుమారు మూడో వంతు కావాలి. అంతసేపు చెట్టుకొమ్మ కదలకూడదు. కనుక ట్రైపాడ్ తప్పనిసరి. గాలి నిలిచేదాకా ఆగడమూ తప్పనిసరి. ఓర్పు ఇక్కడ స్వభావగుణం కన్నా ముందు ఒక సాంకేతిక అవసరం.

3. వెలుగు వ్యవధి

మడికొండ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. విషువత్తునాటి సాయంత్రం ఇక్కడ సూర్యుడు గంటకు 14 డిగ్రీలకు పైగా దిగుతాడు. లండన్‌లో 9 డిగ్రీలకు పైచిలుకు మాత్రమే. క్షితిజానికి చేరువలోని చివరి 6 డిగ్రీలు దాటడానికి ఇక్కడ సుమారు 25 నిమిషాలు, అక్కడ 38 నిమిషాలు పడుతుంది. పాశ్చాత్య గ్రంథాలు వర్ణించే సాయంకాలపు వెచ్చని వెలుగు మనకు అందులో మూడింట రెండు వంతుల కాలమే దక్కుతుందన్నమాట. మే రెండోవారంలో, మళ్లీ జులై చివరలో మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పుడు రాతి మలుపులు నీడలేక చదునుగా కనిపిస్తాయి. వాన వెలిసిన సాయంత్రం గాలి తేటపడుతుంది, తడిసిన బండ రంగు గాఢమవుతుంది. సూర్యుని స్థానం ముందే లెక్కకట్టవచ్చు. మేఘం విడే క్షణాన్ని లెక్కకట్టలేం.

4. అదృష్టం, కాకతాళీయం

ఈ లెక్కకందని అంశానికి మనకు రెండు మాటలున్నాయి. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే అది కాకతాళీయం. ఆ రెంటికీ కార్యకారణ సంబంధం లేదు. ‘అదృష్టం’ అంటే కనబడనిది. వైశేషికుల దృష్టిలో అది కారణం లేకపోవడం కాదు, కారణం కంటికి కనబడకపోవడం. ఆరుబయలు ఛాయాచిత్రణలో ఈ రెండూ కలిసే ఉంటాయి. మేఘం విడటం కాకతాళీయం. ఆ వేళకు చిత్రకారుడు చోటు ఎంచుకొని, వెలుగు కొలిచి, ఫిల్ములో ఒక చిత్రానికి చోటు మిగుల్చుకొని ఉండటం అనేక సాయంత్రాల అభ్యాసఫలం. చూసేవారికి ఆ సాయంత్రాలు కనబడవు. పన్నెండో చిత్రం తీసేశాక మేఘం విడితే, కొత్త చుట్ట ఎక్కించేలోగా వెలుగు పోతుంది. తీసిన చిత్రమైనా ఫిల్ము కడిగేదాకా గుప్తబింబమే. తప్పు తెలిసేసరికి ఆ సాయంత్రం తిరిగిరాదు.

1941లో అమెరికాలోని హెర్నాండెజ్ గ్రామంపై చంద్రోదయాన్ని చిత్రించిన ఆన్సెల్ ఆడమ్స్‌కు ఆ వేళ వెలుగుమాపకం చేతికందలేదు. చంద్రుని ప్రకాశపు విలువ గుర్తుండటంతో దాని ఆధారంగా లెక్కకట్టారు. రెండో చిత్రం తీయబోయేలోగా సమాధుల శిలువలపై ఎండ పోయింది. అది ఇంకా పెద్ద ఫార్మాట్ కెమెరా. అయినా సూత్రం ఒకటే.

5. పరిశోధనకు అన్వయం

ఆరో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్ (1844–1905) కాలంలో గాజు పలకలే ఆధారం. పలక బరువు, వెలుగు అవసరం ఎప్పుడు, ఎక్కడ చిత్రించాలో చాలావరకు నిర్ణయించేవి. అటువంటి చిత్రాల్లో తేటైన ఆకాశం, కదలని జనం కనిపిస్తే ఆ ప్రదేశం ఎప్పుడూ అలాగే ఉండేదని నిర్ధారించడం తొందరపాటు. జోరువాన, ఈదురుగాలి, కదిలే జాతర అందులోకి రాకపోవడానికి పరికరపు పరిమితులూ కారణం కావచ్చు. విఫలమైన పలకలు సాధారణంగా భద్రపరచరు. మనకు చేరినవి ఫలించిన నిరీక్షణలు మాత్రమే.

6. ముగింపు

ఓర్పు మేఘాన్ని కదిలించలేదు. అది కదిలిన క్షణాన చిత్రకారుణ్ని సిద్ధంగా ఉంచుతుంది. అందువల్ల నేడు మెట్టుగుట్టవంటి స్థలాలను నమోదుచేసే పరిశోధకులు తేది, వేళ, కటకం, ద్వారం, వాతావరణంతోపాటు ఫలించని ప్రయత్నాలను కూడా పుస్తకంలో రాసి ఉంచడం అవసరం. ఆ రాతలు లేనిచోట, రేపటి పాఠకుడు ఒక అరుదైన సాయంత్రాన్ని ఆ గుట్ట నిత్యరూపమని పొరబడతాడు.